కరోనా వైరస్ ప్రవేశానికి తోడ్పడే మానవ ఎంజైములు, క్యాన్సర్ రోగుల ముప్పు

కరోనా వైరస్ తనంతట తాను మనిషి కణంలోకి చొరబడలేదు. దాని పైపొర మీద పొడుచుకు వచ్చిన స్పైక్ ప్రోటీన్ ముందుగా కణం మీది ఏదో ఒక ప్రోటీన్‌ను పట్టుకోవాలి. ఆ తర్వాత ఆ స్పైక్‌ సరైన చోట తెగాలి. తెంపే సాధనం వైరస్ దగ్గర లేదు. మన శరీరం తన అవసరాల కోసం తయారుచేసుకున్న ఎంజైములే ఆ పని చేసిపెడతాయి. కోవిడ్-19కు కారణమైన సార్స్-కోవ్-2 విషయంలో పట్టుకు, కోతకు అక్కరకొచ్చే ఎంజైముల్లో ముఖ్యమైనవి ఏసీఈ2, ఫ్యూరిన్, టెంప్రెస్2, కాథెప్సిన్-ఎల్. మూడోదాన్ని టీఎంపీఆర్ఎస్ఎస్2 అని రాస్తారు. చదవడానికి వీలుగా ఈ వ్యాసంలో ప్రయోగశాలల్లో పలికే రూపాన్నే వాడుతున్నాం.

ఈ టెంప్రెస్2 కోవిడ్ రాకముందే క్యాన్సర్ పరిశోధకులకు బాగా తెలుసు. అందుకే 2020లో రెండు ప్రశ్నలు ఒకదానితో ఒకటి పెనవేసుకున్నాయి. వైరస్ కణంలోకి ఎలా వెళ్తోంది? క్యాన్సర్ రోగులు కోవిడ్‌తో ఎక్కువగా ఎందుకు చనిపోతున్నారు? మొదటి ప్రశ్నకు దొరికిన జవాబే రెండోదానికీ సరిపోతుందని చాలామంది ఆశపడ్డారు. తర్వాత వచ్చిన సాక్ష్యం ఆ ఆశను నిలబెట్టలేదు. వైరస్ ఏ దారిన లోపలికి పోతుందో ఎంజైములు చెబుతాయి. క్యాన్సర్ రోగి ప్రాణానికి ఎంత ముప్పో మాత్రం ఎక్కువగా అతని రోగనిరోధక శక్తి, వయసు, ఊపిరితిత్తుల స్థితి నిర్ణయిస్తాయి.

పట్టు దొరికే చోటు

కరోనా వైరస్‌లు కణం మీద పట్టుకొనే ప్రోటీన్లలో ఎక్కువ భాగం ఎంజైములే కావడం విచిత్రం. జలుబు తెచ్చే 229ఇ వైరస్ అమైనోపెప్టిడేజ్-ఎన్ మీద వాలుతుందని 1992లోనే తేలింది. 2012లో సౌదీ అరేబియాలో బయటపడిన మెర్స్ వైరస్ డీపీపీ4ను పట్టుకుంటుందని నెదర్లాండ్స్‌లోని ఇరాస్మస్ వైద్యకేంద్రం పరిశోధకులు మరుసటి ఏడాది చూపారు. డీపీపీ4 అన్న పేరు వినకపోయినా దాని మీద పనిచేసే మందులు మన ఇళ్లలో ఉన్నాయి. మధుమేహానికి వేసుకొనే సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ మాత్రలు అడ్డుకొనేది ఆ ఎంజైమునే. 2002-03 నాటి మొదటి సార్స్ వైరస్, పిల్లల్లో జలుబు తెచ్చే ఎన్ఎల్63, కోవిడ్ వైరస్ మూడింటికీ పట్టు ఏసీఈ2.

ఏసీఈ2ను 2000లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా గుర్తించాయి. 805 అమైనో ఆమ్లాల ఈ ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్-2 నుంచి చివరి అమైనో ఆమ్లాన్ని తొలగించి, వాటిని సడలించే యాంజియోటెన్సిన్ 1-7గా మార్చడం దీని పని. అంటే ఇది స్వతహాగా మనకు మేలు చేసే ఎంజైమ్. ఊపిరితిత్తులు దెబ్బతిన్నప్పుడు ఏసీఈ2 కాపాడుతుందని వియన్నాలోని యోసెఫ్ పెనింగర్ బృందం 2005లో ఎలుకల్లో చూపింది. మొదటి సార్స్ వైరస్ పట్టుకొనేది దీన్నేనని అంతకు రెండేళ్ల ముందు, 2003లో, హార్వర్డ్‌లోని వెన్‌హుయ్ లీ, మైకేల్ ఫర్జాన్ కనిపెట్టారు. పదిహేడేళ్ల తర్వాత కోవిడ్ పరిశోధన అంత వేగంగా సాగడానికి ఆ పునాదే కారణం.

ఒక సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. ఈ గ్రాహక ఎంజైముల రసాయన పనితో వైరస్‌కు నిమిత్తం లేదు. దానికి కావలసింది వాటి ఉపరితలం మీద ఒక పట్టు మాత్రమే. డీపీపీ4 పనిని ఆపేసే గ్లిప్టిన్ మందులు మెర్స్ వైరస్‌ను ఆపలేకపోవడానికి కారణం ఇదే. 2020లో రక్తపోటు మాత్రల చుట్టూ రేగిన భయాన్ని కూడా ఇక్కడే గుర్తుచేసుకోవచ్చు. రామిప్రిల్, టెల్మిసార్టన్ వంటి మందులు ఏసీఈ2ను పెంచి కోవిడ్‌ను ముదిరేలా చేస్తాయేమోనన్న అనుమానం పత్రికల్లోకి, అక్కడి నుంచి వాట్సాప్‌లోకి పాకింది. కొందరు మాత్రలు మానేశారు కూడా. బ్రెజిల్‌లో 659 మంది కోవిడ్ రోగులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు ఈ రకం మాత్రలు 30 రోజులు ఆపి, రెండో గుంపుకు కొనసాగించి చూశారు. ఆపినందువల్ల లాభం కనబడలేదు.

అలాగని ఏసీఈ2 పరిమాణానికి విలువ లేదనలేం. ఈ జన్యువు పక్కనే అరుదుగా కనిపించే ఒక మార్పు ఉన్నవారిలో ఏసీఈ2 సుమారు 37 శాతం తక్కువగా తయారవుతుంది. వారికి కోవిడ్ సోకే అవకాశం కూడా దాదాపు 40 శాతం తక్కువని 2022లో వెలువడిన జన్యు విశ్లేషణ తేల్చింది. పొగతాగేవారి శ్వాసనాళాల్లో ఏసీఈ2ను తయారుచేసే కణాలు పెరుగుతాయని అమెరికాలో క్యాన్సర్ జీవశాస్త్రవేత్త జేసన్ షెల్ట్జర్ బృందం 2020లో చూపింది. పొగాకు వల్ల క్యాన్సర్ తెచ్చుకున్న రోగి విషయంలో ఎంజైమ్ కథకు కొంత బలం ఉన్నది ఇక్కడే.

స్పైక్‌ను తెంపే ఎంజైములు

సార్స్-కోవ్-2 స్పైక్ 1273 అమైనో ఆమ్లాల గొలుసు. మూడు గొలుసులు కలిసి ఒక స్పైక్ అవుతుంది. ఒక్కో గొలుసులో పట్టుకొనే భాగం ఎస్1, కణపొరతో వైరస్ పొరను కలిపే భాగం ఎస్2. ఎస్1 పైన కప్పుకొని ఉన్నంతసేపు ఎస్2 కదలదు. తాటికాయ పైభాగం చెక్కితేగాని ముంజె కనపడనట్టు, ఎస్1 పట్టు సడలి, ఎస్2లో ఇంకో కోత పడితేగాని లోపల దాగిన సంలీన ఖండం బయటకు రాదు. అది బయటకు వచ్చి కణపొరలో గుచ్చుకున్నాక ఎస్2 మడతపడి రెండు పొరలనూ దగ్గరకు లాగి ఒకటి చేస్తుంది. వైరస్ ఆర్ఎన్ఏ లోపలికి జారుతుంది.

కోతలు రెండు. మొదటిది ఎస్1, ఎస్2ల మధ్య 685వ అమైనో ఆమ్లం తర్వాత పడుతుంది. రెండోది ఎస్2 లోపల 815వ స్థానం దగ్గర.

మొదటి కోత ఫ్యూరిన్ పని. ఇది దాదాపు అన్ని కణాల్లోనూ ఉండే ఎంజైమ్. కణంలో ప్రోటీన్లు తయారై బయటకు వెళ్లే దారిలో, గాల్జీ సంక్లిష్టం దగ్గర కాపుకాసి, హార్మోన్లను, ఎదుగుదలకు కావలసిన ప్రోటీన్లను వాటి తుది రూపానికి తెస్తుంది. ఇది లేని ఎలుక పిండాలు తల్లి గర్భంలోనే చనిపోతాయి. ఇంత అవసరమైన ఎంజైమును చాలా సూక్ష్మజీవులు వాడుకుంటాయి: ఆంత్రాక్స్, కంఠసర్పి విషాలు, హెచ్ఐవీ, ప్రమాదకరమైన బర్డ్ ఫ్లూ రకాలు. కోవిడ్ వైరస్ స్పైక్‌లో ఫ్యూరిన్ గుర్తించే ఆర్జినీన్ గుంపు ఉంది. మొదటి సార్స్ వైరస్‌లో లేదు. అందువల్ల కోవిడ్ వైరస్ పుట్టిన కణం నుంచి బయటకు వచ్చేటప్పటికే సగం కోత పడి సిద్ధంగా ఉంటుంది. ఈ భాగాన్ని తొలగించిన వైరస్ హామ్‌స్టర్లలో బలహీనపడిందని టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో వినీత్ మేనాచెరి బృందం, ఫెరెట్ల మధ్య వ్యాపించలేకపోయిందని లండన్‌లో వెండీ బార్క్లే బృందం 2021లో చూపాయి. 2020 చివర మహారాష్ట్రలో కనిపించి, మరుసటి వేసవిలో దేశాన్ని కుదిపేసిన డెల్టా రకంలో 681వ స్థానంలోని మార్పు ఈ కోతను మరింత సులువు చేసింది.

రెండో కోత టెంప్రెస్2ది. 492 అమైనో ఆమ్లాల ఈ ఎంజైమ్ కణపొరలో నాటుకొని, కోసే భాగాన్ని బయటికి పెట్టుకొని ఉంటుంది. ముక్కు, శ్వాసనాళం, ఊపిరితిత్తులు, పేగు, ప్రోస్టేట్ గ్రంథి కణాల మీద దొరుకుతుంది. దీని సొంత పని ఏమిటో ఇప్పటికీ సరిగా తేలలేదు. ఈ జన్యువు లేకుండా పుట్టించిన ఎలుకలు మామూలుగా ఎదుగుతాయి, పిల్లల్ని కంటాయి. కానీ ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లకు ఇది అక్కరకొస్తుందని 2006 నుంచే తెలుసు. 2020 మార్చి తొలివారంలో జర్మనీలోని గోటింగెన్ ప్రైమేట్ కేంద్రంలో మార్కుస్ హాఫ్‌మన్, స్టెఫాన్ పోల్‌మన్ బృందం కోవిడ్ వైరస్‌కు ఏసీఈ2, టెంప్రెస్2 రెండూ కావాలని ప్రకటించింది. టెంప్రెస్2ను ఆపే కామోస్టాట్ అనే పాత జపాన్ మందు ఊపిరితిత్తుల కణాలకు వైరస్ సోకకుండా అడ్డుకుందని కూడా చెప్పింది. మహమ్మారి తొలి వారాల్లో అత్యధికంగా చదివిన శాస్త్ర పత్రాల్లో ఇదొకటి.

కాథెప్సిన్-ఎల్ దారి వేరు. కణం మీద టెంప్రెస్2 లేకపోతే వైరస్ సంచి లాంటి ఎండోసోమ్‌లో చిక్కి లోపలికి పోతుంది. ఆ సంచిలో ఆమ్లత పెరిగినప్పుడు చురుకయ్యే కాథెప్సిన్-ఎల్ స్పైక్‌ను తెంపుతుంది. కణపొర దగ్గర నేరుగా దూరే దారి, ఎండోసోమ్ గుండా దూరే దారి: ఈ రెండింటి తేడా తెలుసుకోకుండా చేసిన ఒక పొరపాటుకు ప్రపంచం పెద్ద మూల్యమే చెల్లించింది.

హైడ్రాక్సీక్లోరోక్విన్ పాఠం

కరోనా వైరస్‌లను ప్రయోగశాలల్లో ఎక్కువగా పెంచేది వీరో కణాల్లో. 1962లో జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో ఒక ఆఫ్రికన్ కోతి మూత్రపిండం నుంచి తీసిన కణాలివి. వీటి మీద టెంప్రెస్2 దాదాపు ఉండదు. అందువల్ల వైరస్ వీటిలోకి ఎండోసోమ్ దారిన, కాథెప్సిన్ సాయంతో వెళ్తుంది. క్లోరోక్విన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ మందులు ఎండోసోమ్‌లో ఆమ్లతను తగ్గిస్తాయి కాబట్టి వీరో కణాల్లో వైరస్‌ను బాగా అడ్డుకున్నాయి. ఆ ఫలితం చూసి మందును మనుషులకు ఇచ్చారు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2020 మార్చిలోనే ఆరోగ్య సిబ్బందికి ముందుజాగ్రత్తగా దీన్ని సూచించింది. కీళ్లవాతం, లూపస్ రోగులు రోజూ వేసుకొనే మాత్ర వారికే దొరకడం కష్టమైంది.

పోల్‌మన్ బృందమే అదే ఏడాది జులైలో అసలు సంగతి చూపింది. టెంప్రెస్2 ఉన్న మనిషి ఊపిరితిత్తుల కణాల్లో క్లోరోక్విన్ వైరస్‌ను ఆపలేదు. అక్కడ వైరస్‌కు ఎండోసోమ్‌తో పనే లేదు. ఈలోగా బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్షలో 1561 మందికి హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చి, 3155 మందికి మామూలు చికిత్స చేశారు. 28 రోజుల్లో మందు తీసుకున్నవారిలో 27 శాతం, తీసుకోనివారిలో 25 శాతం మరణించారు. ఏ కణంలో పరీక్షించారు, ఆ కణంలో ఏ ఎంజైమ్ ఉంది అన్న చిన్న ప్రశ్న మొదటే అడిగి ఉంటే లక్షల మాత్రలు వృథా అయ్యేవి కావు. నా అంచనాలో ఈ ఎంజైముల పరిశోధన ఇచ్చిన అతి పెద్ద ఆచరణ ప్రయోజనం ఒక మందు కాదు, ఒక మందు ఎందుకు పనిచేయలేదో చెప్పగలగడం.

ఒమిక్రాన్ ఈ కథను కొంత తిప్పింది. 2021 నవంబరులో బయటపడిన ఈ రకం టెంప్రెస్2ను అంతగా వాడుకోలేక ఎండోసోమ్ దారి వైపు మొగ్గిందని కేంబ్రిడ్జ్‌లో రవీంద్ర గుప్తా బృందం చూపింది. హాంకాంగ్ పరిశోధకుల పరీక్షల్లో అది శ్వాసనాళాల్లో వేగంగా, లోపలి ఊపిరితిత్తుల కణజాలంలో నెమ్మదిగా పెరిగింది. ఒమిక్రాన్ న్యుమోనియా కొంత తేలికగా ఉండడానికి ఇదొక కారణం కావచ్చు. ఏకైక కారణం మాత్రం కాదు, ఎందుకంటే అప్పటికి చాలామందికి వ్యాక్సిన్ల వల్లో, పాత ఇన్‌ఫెక్షన్ వల్లో రక్షణ ఏర్పడింది.

ప్రోస్టేట్ క్యాన్సర్ ఆశ

టెంప్రెస్2 జన్యువు 21వ క్రోమోజోమ్ మీద ఉంది. ప్రోస్టేట్ గ్రంథిలో ఇది పురుష హార్మోన్ల ఆజ్ఞ మీద నడుస్తుందని 1999లో సియాటిల్ పరిశోధకులు కనిపెట్టారు. 2005లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో అరుళ్ చిన్నయ్యన్ బృందం ఇంకో సంచలన విషయం వెల్లడించింది. అదే క్రోమోజోమ్ మీద దాదాపు 30 లక్షల జన్యు అక్షరాల దూరంలో ఈఆర్‌జీ అనే క్యాన్సర్ కారక జన్యువు ఉంది. మధ్యనున్న ముక్క ఊడిపోయి రెండు జన్యువులూ అతుక్కుంటే, టెంప్రెస్2ను నడిపే హార్మోన్ మీట ఈఆర్‌జీ చేతికి వస్తుంది. ఇక పురుష హార్మోన్ ఉన్నంతకాలం ఈఆర్‌జీ తయారవుతూనే ఉంటుంది. యూరప్ సంతతి పురుషుల ప్రోస్టేట్ క్యాన్సర్లలో సుమారు సగంలో ఈ అతుకు కనిపిస్తుంది. ఆసియా పురుషుల్లో తక్కువ.

2020 వసంతంలో ఈ రెండు జ్ఞానాలూ కలిశాయి. కోవిడ్‌తో పురుషులే ఎక్కువగా చనిపోతున్నారు. వైరస్‌కు టెంప్రెస్2 కావాలి. టెంప్రెస్2ను నడిపేది పురుష హార్మోన్. ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులకు ఆ హార్మోన్‌ను అణిచే చికిత్స ఎలాగూ ఇస్తున్నారు. అయితే వారికి కోవిడ్ తక్కువగా సోకాలి కదా? ఇటలీలోని వెనెటో ప్రాంతం లెక్కలు అదే చెప్పినట్టు కనిపించాయి. హార్మోన్ అణచివేత చికిత్సలో ఉన్న 5273 మంది ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల్లో నలుగురికే కోవిడ్ నిర్ధారణ అయింది. ఆ చికిత్స లేని 37,161 మందిలో 114 మందికి అయింది. అంటే వెయ్యికి ఒకరికన్నా తక్కువ ఒకవైపు, వెయ్యికి ముగ్గురు రెండోవైపు.

లెక్క ముచ్చటగా ఉంది, కానీ ఒక గుంపులో సోకినవారు నలుగురే. తీవ్ర చికిత్సలో ఉన్నవారు ఇంటిపట్టున ఎక్కువ జాగ్రత్తగా ఉండి ఉండవచ్చు. తర్వాత అమెరికాలో కోవిడ్ సోకిన వెయ్యి మందికి పైగా ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులను పరిశీలిస్తే, హార్మోన్ చికిత్సలో ఉన్నవారి మరణాలు తక్కువగా లేవు. మందు ఇచ్చి చూసిన పరీక్షలు ఇంకా నిరాశపరిచాయి. అమెరికాలో ఆసుపత్రిపాలైన 96 మంది మాజీ సైనికులపై జరిగిన పరీక్షలో డెగారెలిక్స్ అనే హార్మోన్ నిరోధక ఇంజెక్షన్ లాభం చూపలేదు. స్వీడన్‌లో ఎంజాలుటమైడ్ తీసుకున్నవారు ఆసుపత్రిలో ఇంకా ఎక్కువ రోజులు గడపాల్సి వచ్చింది. 42 మంది చేరాక ఆ పరీక్షను ఆపేశారు. ప్రోస్టేట్‌లో హార్మోన్ ఆజ్ఞకు లొంగే ఎంజైమ్ మనిషి ఊపిరితిత్తుల్లో అంతగా లొంగదు, స్త్రీ పురుషుల ఊపిరితిత్తుల్లో దాని మోతాదులో నమ్మదగిన తేడా కనిపించదు. ఒక అవయవంలో నిజమైనది ఇంకో అవయవంలో నిజం కానవసరం లేదని క్యాన్సర్ శాస్త్రానికి బాగా తెలుసు. ఆ తొందర రోజుల్లో దాన్ని పక్కన పెట్టారు.

కామోస్టాట్ కూడా అదే దారి పట్టింది. డెన్మార్క్, స్వీడన్ ఆసుపత్రుల్లో 205 మందిపై జరిగిన పరీక్షలో కోలుకొనే సమయం తగ్గలేదు. ఈ మందు రక్తంలో త్వరగా విచ్ఛిన్నమవుతుంది. పైగా రోగి ఆసుపత్రికి చేరేసరికి వైరస్ కణాల్లోకి దూరే దశ దాదాపు ముగిసి, శరీరం సొంత మంటతో బాధపడే దశ మొదలవుతుంది. ముక్కులో ముందుగానే వేసే టెంప్రెస్2 నిరోధకం ఎలుకలను కాపాడిందని కెనడా పరిశోధకులు 2022లో ప్రకటించారు. ఈ ఎంజైముకు విరుగుడు ఎప్పుడైనా పనికొస్తే అది జబ్బు రాకముందో, మొదటి రోజుల్లోనో వాడినప్పుడే.

క్యాన్సర్ రోగి ముప్పు ఎక్కడ

క్యాన్సర్ రోగుల గురించి తొలి హెచ్చరిక చైనా నుంచి వచ్చింది. 2020 ఫిబ్రవరిలో 1590 మంది కోవిడ్ రోగుల లెక్కలో 18 మందికి క్యాన్సర్ చరిత్ర ఉంది. వారిలో 39 శాతం మంది పరిస్థితి విషమించింది; మిగతావారిలో 8 శాతం. ఈ పద్దెనిమిది మందిలో పలువురు ఎప్పుడో చికిత్స పూర్తయినవారు, వయసు మీరినవారు. అయినా ఆ సంఖ్య ప్రపంచమంతా తిరిగి, చాలాచోట్ల కీమోథెరపీలు వాయిదా వేయడానికి కారణమైంది.

తర్వాతి పెద్ద లెక్కలు వేరే బొమ్మ చూపాయి. బ్రిటన్‌లో 800 మంది క్యాన్సర్ రోగుల్లో 226 మంది కోవిడ్‌తో మరణించారు. వయసు, ఇతర జబ్బుల ప్రభావం తీసివేసి చూస్తే, అంతకు ముందు నాలుగు వారాల్లో కీమోథెరపీ తీసుకోవడం వల్ల మరణాలు చెప్పుకోదగినంతగా పెరగలేదు. కీమో మానేసినంత మాత్రాన ప్రాణం దక్కుతుందన్న వాదన అక్కడే వీగిపోయింది. ముప్పు క్యాన్సర్ రకాన్ని బట్టి బాగా మారింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల తొలి అంతర్జాతీయ జాబితాలో 200 మందిలో 66 మంది చనిపోయారు. అక్కడ అవయవమే ముందు దెబ్బతిని ఉంది, పొగాకు చరిత్ర ఉంది. రక్త క్యాన్సర్లలో పరిస్థితి ఇంకా కష్టం. చాలావరకు ఆసుపత్రిలో చేరిన 3377 మంది రోగుల సమీక్షలో పెద్దల్లో 34 శాతం మరణాలు నమోదయ్యాయి. ఇంగ్లండ్‌లో కోటీ డెబ్బై లక్షల మంది రికార్డులు చూసినప్పుడు, ఏడాదిలోపు రక్త క్యాన్సర్ నిర్ధారణ అయినవారికి కోవిడ్ మరణ ముప్పు దాదాపు 2.8 రెట్లు, ఇతర క్యాన్సర్లలో 1.7 రెట్లు అని తేలింది.

రక్త క్యాన్సర్‌లో ఏసీఈ2, టెంప్రెస్2 పెరగడం వల్ల ఇలా జరగలేదు. రోగనిరోధక కణాలే అక్కడ జబ్బుపడ్డాయి. లింఫోమాకు, కొన్ని లుకేమియాలకు ఇచ్చే రిటుక్సిమాబ్ వంటి మందులు యాంటీబాడీలు తయారుచేసే బి కణాలను నెలల తరబడి తుడిచేస్తాయి. అలాంటి రోగుల్లో కూడా సీడీ8 రకం టి కణాలు తగినన్ని ఉన్నవారు మెరుగ్గా బతికారని ఫిలడెల్ఫియా పరిశోధకులు 2021లో చూపారు. యాంటీబాడీ లేని చోట టి కణం భారం మోస్తుంది. ఇక ఇలాంటి రోగుల్లో కొందరిని వైరస్ చాలా కాలం వదలదు. అమెరికాలో దీర్ఘకాలిక లుకేమియా ఉన్న ఒక వృద్ధురాలిలో, జ్వరం దగ్గు ఏమీ లేకుండానే, 70 రోజుల వరకు ఇతరులకు సోకగల వైరస్ బయటకు వచ్చింది. కేంబ్రిడ్జ్‌లో లింఫోమా రోగి ఒకరిలో వంద రోజులకు పైగా నిలిచిన వైరస్, కోలుకున్నవారి ప్లాస్మా ఎక్కించాక స్పైక్‌లో మార్పులు సంతరించుకొని యాంటీబాడీల నుంచి తప్పించుకోవడం నేర్చింది. ఇలాంటి దీర్ఘ ఇన్‌ఫెక్షన్లలో కొత్త రకాలు పుట్టగలవన్న అనుమానానికి ఇటువంటి రోగుల పరిశీలనే ఆధారం.

వ్యాక్సిన్ల దగ్గరా ఇదే తేడా. గడ్డ క్యాన్సర్లున్నవారిలో రెండు డోసుల తర్వాత చాలామందికి యాంటీబాడీలు వచ్చాయి. రక్త క్యాన్సర్ రోగుల్లో తక్కువమందికి వచ్చాయి, బి కణాలను తుడిచే మందుల మీద ఉన్నవారిలో మరీ తక్కువ. అందుకే వీరికి అదనపు డోసులు సూచించారు. హైదరాబాద్ వ్యాక్సిన్లకు ఈ ఎంజైముల కథతో నేరుగా సంబంధం ఉంది. భారత్ బయోటెక్ వారి కోవాగ్జిన్‌కు వైరస్‌ను పైన చెప్పిన వీరో కణాల్లోనే పెంచి నిర్వీర్యం చేశారు. బయొలాజికల్-ఇ సంస్థ 2021 డిసెంబరులో అనుమతి పొందిన కార్బెవాక్స్‌లో ఉన్నది స్పైక్ మొత్తం కాదు, ఏసీఈ2ను పట్టుకొనే ముక్క ఒక్కటే. దాన్ని ఈస్ట్ కణాల్లో తయారుచేస్తారు. జాన్సన్ అండ్ జాన్సన్, నోవావాక్స్ వ్యాక్సిన్లలో ఫ్యూరిన్ కోసే చోటును కావాలనే చెరిపేశారు, స్పైక్ చెదరకుండా నిలవడానికి.

చికిత్సలో ఇంకో ఎంజైమ్

వైరస్ సొంత ప్రోటియేజ్‌ను, అంటే ప్రోటీన్‌ను తెంపే ఎంజైమును, మన ప్రోటియేజ్‌లతో కలిపేసుకోకూడదు. కణం లోపలికి వెళ్లాక వైరస్ తన పొడవాటి ప్రోటీన్‌ను ముక్కలు చేసుకోవడానికి తన జన్యువుల నుంచే ఒక ఎంజైమును తయారుచేసుకుంటుంది. దాన్ని ఆపేది నిర్మాట్రెల్విర్. మన ఎంజైముల మీద గురిపెట్టిన మందులు విఫలమైన చోట ఇది నెగ్గింది. కారణం ఊహించదగినదే: వైరస్ ఎంజైమును గట్టిగా అణిచినా మన శరీరానికి నష్టం తక్కువ. దీని జనరిక్ రూపాన్ని హైదరాబాద్‌లోని హెటెరో సంస్థ తయారుచేసింది. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ముందస్తు అర్హత జాబితాలో చేర్చింది.

క్యాన్సర్ రోగికి దీనితో ఒక చిక్కు ఉంది. నిర్మాట్రెల్విర్ రక్తంలో నిలవడానికి రిటోనావిర్ కలుపుతారు. రిటోనావిర్ మన కాలేయంలోని సీవైపీ3ఏ4 ఎంజైమును ఆపుతుంది. ఇబ్రూటినిబ్, వెనెటోక్లాక్స్ వంటి రక్త క్యాన్సర్ మందులను శరీరం విరగ్గొట్టుకొనేది ఆ ఎంజైముతోనే. రెండూ కలిపి వేసుకుంటే క్యాన్సర్ మందు మోతాదు రక్తంలో ప్రమాదకరంగా పెరుగుతుంది. అలాంటప్పుడు వైద్యులు క్యాన్సర్ మందును కొన్నాళ్లు ఆపడమో, తగ్గించడమో, రెమ్డెసివిర్ వంటి వేరే మందు ఎంచుకోవడమో చేస్తారు.

భారతదేశంలో

మన దేశంలో క్యాన్సర్ రోగులకు కోవిడ్ చేసిన నష్టంలో పెద్ద భాగం వైరస్ కణంలోకి దూరడంతో సంబంధం లేనిది. క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి అయిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లోని 41 కేంద్రాల లెక్కలను 2021లో ప్రచురించారు. 2019 మార్చి-మే నెలలతో పోలిస్తే 2020లో అవే నెలల్లో కొత్త రోగుల నమోదు 1,12,270 నుంచి 51,760కి, అంటే 54 శాతం, పడిపోయింది. పెద్ద శస్త్రచికిత్సలు 49 శాతం, బయటి రోగులకిచ్చే కీమోథెరపీ 37 శాతం తగ్గాయి. లాక్‌డౌన్‌లో రైళ్లు, బస్సులు ఆగిపోయి దూర ప్రాంతాల రోగులు పెద్దాసుపత్రికి చేరలేకపోయారు. ఏసీఈ2 గురించి ఎంత తెలిసినా ఆ రోగికి ఉపయోగం లేదు. అతనికి కావలసింది బస్సు.

ఇక రోగులు గుర్తుంచుకోవలసినవి. కీమోథెరపీలో ఉన్నవారికి జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే అది కోవిడ్ అయినా కాకపోయినా అత్యవసర పరిస్థితే, ఎందుకంటే తెల్లరక్తకణాలు పడిపోయినప్పుడు ఏ ఇన్‌ఫెక్షనైనా గంటల్లో ముదురుతుంది. కోవిడ్ అని తేలితే నిర్మాట్రెల్విర్‌ను లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపే మొదలుపెట్టాలి. వేసుకుంటున్న ప్రతి మాత్ర పేరూ, ఆయుర్వేద మందులతో సహా, డాక్టరుకు చెప్పండి. క్యాన్సర్ మందును సొంతంగా ఆపకండి.